చిన్న బేస్ యాంప్‌తో ఇంట్లో రికార్డింగ్: కేబుల్ గుచ్చడం నుంచి మిక్స్ దాకా

ఎనిమిది అంగుళాల స్పీకరు, పదిహేను ఇరవై వాట్ల బేస్ గిటార్ యాంప్. దాని ముందు మైకు పెట్టి రికార్డు చేస్తే ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు వస్తుంది. సరేనని యాంప్ మీద బేస్ నాబ్ పెంచితే స్పీకరు భర్రుమంటుంది. చిన్న యాంప్‌తో ఇంట్లో బేస్ రికార్డు చేయడం గురించి అడిగేవాళ్లలో చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోయి ఉంటారు.

తప్పు యాంప్‌ది కాదు, దాన్ని మనం అడుగుతున్న పనిది. నాలుగు తీగల బేస్‌లో లావుపాటి 'ఈ' (E) తీగను ఓపెన్‌గా, అంటే ఏ ఫ్రెట్టూ నొక్కకుండా, మీటితే వచ్చే మూల స్వరం 41.2 హెర్ట్జ్. చిన్న కాంబో (యాంపూ స్పీకరూ ఒకే పెట్టెలో ఉన్నది) స్పీకరు దాదాపు 80–100 హెర్ట్జ్ దిగువన చేతులెత్తేస్తుంది. లేనిదాన్ని ఈక్యూతో (స్వరాల పాళ్లు పెంచి తగ్గించే సాధనంతో) లాగితే వచ్చేది బురదే.

కాబట్టి పని పంచాలి. అడుగు భాగాన్ని, అంటే లోతైన స్వరాల్ని, గిటార్ నుంచి మైకు లేకుండా నేరుగా వచ్చే డీఐ (డైరెక్ట్ ఇంజెక్షన్) ట్రాక్ మోస్తుంది. యాంప్ నుంచి తీసుకునేది 150 హెర్ట్జ్ పైన ఉండే సరుకు: వేలు తీగను వదిలేటప్పటి చప్పుడు, మిడ్స్‌లోని (మధ్య స్వరాల్లోని) గరుకు, స్పీకరు కోన్ ఇచ్చే రంగు. ఈ సరుకు చిన్న యాంప్‌లో పుష్కలంగా ఉంటుంది. కింద చెప్పే ప్రతి సెట్టింగూ ఈ పంపకాన్ని దృష్టిలో పెట్టుకునే చెప్పింది.

## 1. యాంప్‌కు ఏ జాకులు ఉన్నాయో చూడండి

వైర్లు కొనకముందే చేయాల్సిన పని ఇది. ముందు, వెనక, పైన ఉన్న జాకుల పేర్లు చదవండి.

- హెడ్‌ఫోన్స్: ఇందులో ప్లగ్ పెడితే చాలా యాంపుల్లో స్పీకరు ఆగిపోతుంది. కొన్నింట్లో ఈ అవుట్‌పుట్‌కు క్యాబినెట్ సిమ్యులేషన్ (స్పీకరు పెట్టె ధ్వనిని అనుకరించేది) కూడా ఉంటుంది.
- లైన్ అవుట్ లేదా డీఐ అవుట్: ఇది ఇంటర్‌ఫేస్‌కి (ధ్వనిని కంప్యూటర్‌లోకి పంపే పెట్టెకి) నేరుగా వెళ్లొచ్చు. ఈక్యూకు ముందు, తర్వాత అని ఎంచుకునే బటన్ ఉంటే దాన్ని 'ముందు' వైపు పెట్టండి.
- ఆక్స్ ఇన్: ఫోన్ కలిపే చోటు. నాలుగో మెట్టులో పనికొస్తుంది.
- స్పీకర్ అవుట్: ఇది ఉంటే జాగ్రత్త. దీన్ని ఇంటర్‌ఫేస్‌కి ఏ పరిస్థితిలోనూ కలపకూడదు. 20 వాట్ల యాంప్ 8 ఓమ్‌ల స్పీకరుకు పూర్తిగా తోస్తే అక్కడ 12.6 వోల్టుల దాకా ఉంటుంది. ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ దెబ్బతినొచ్చు.

వాల్వ్ యాంప్ అయితే ఇంకో మాట: స్పీకరు ఊడదీసి ఆన్ చేయకూడదు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోవచ్చు. చవక చిన్న బేస్ యాంపులు దాదాపు అన్నీ ట్రాన్సిస్టర్ రకమే కాబట్టి ఈ గొడవ మీకు రాకపోవచ్చు.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

☐ రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్

☐ డీఐ బాక్స్, 'లింక్' లేదా 'త్రూ' జాక్ ఉన్నది

☐ ఒక డైనమిక్ మైకు, చిన్న స్టాండు

☐ ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుళ్లు 2

☐ గిటార్ కేబుళ్లు 2 (ఒకటి 5–6 మీటర్లది, ఒకటి పొట్టిది)

☐ చెవులను పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్

☐ టార్చి, కాగితం టేపు, మార్కర్ పెన్ను

మైకు విషయంలో అనవసరంగా డబ్బు పెట్టకండి. బేస్ డ్రమ్ కోసం చేసిన ఏకేజీ డీ112, షూర్ బీటా 52ఏ లాంటివి అడుగును పట్టుకోవడంలో దిట్టలు. కానీ ఇక్కడ అడుగును డీఐ మోస్తోంది కదా. గాయకులు వాడే షూర్ ఎస్‌ఎం58, వాద్యాలకు వాడే ఎస్‌ఎం57 ఈ పనికి చక్కగా సరిపోతాయి. తయారీదారు లెక్క ప్రకారం ఎస్‌ఎం57 స్పందన 40 హెర్ట్జ్ నుంచి 15 కిలోహెర్ట్జ్ వరకు.

కండెన్సర్ మైకు ఒక్కటే ఉన్నా పని జరుగుతుంది. ప్యాడ్ స్విచ్ (సిగ్నల్‌ను తగ్గించేది) ఉంటే వేయండి, ఇంటర్‌ఫేస్ నుంచి మైకు కేబుల్ గుండా వెళ్లే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ ఆన్ చేయండి, మైకును డైనమిక్ కంటే రెట్టింపు దూరంలో ఉంచండి. అయితే అది గది చప్పుళ్లను ఎక్కువ పట్టుకుంటుంది.

## 3. గిటార్‌ను సిద్ధం చేయండి

ఇక్కడ వదిలేసిన లోపాన్ని తర్వాత ఏ ప్లగిన్ (రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేర్చుకునే పనిముట్టు) సరిచేయదు.

తీగలు చచ్చిపోయి ఉంటే యాంప్ ట్రాక్‌కు ఇవ్వడానికి ఏమీ మిగలదు, ఎందుకంటే మనం తీసుకునే మిడ్స్, పై హార్మోనిక్స్ ముందుగా పోయేవే. కొత్త తీగలు వేస్తే రికార్డింగ్‌కు కనీసం ఒకరోజు ముందు వేయండి. సాగి కుదురుకునే దాకా శ్రుతి నిలవదు.

ఇంటొనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి నిలకడ) చూడండి. 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్, అదే ఫ్రెట్ నొక్కి మీటిన స్వరం, రెండూ ట్యూనర్‌లో ఒక్కచోటే నిలవాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపిస్తే శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగ ఆనే ముక్కను) వెనక్కి, తక్కువ చూపిస్తే ముందుకు జరపండి.

యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే సర్క్యూట్ ఉన్నది) అయితే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. నీరసపడ్డ బ్యాటరీ గట్టిగా మీటిన స్వరాల్ని చీల్చేస్తుంది, వినేవాళ్లు అది యాంప్ దోషమనుకుంటారు. పని అయ్యాక గిటార్ నుంచి ప్లగ్ తీసేయండి. చాలా యాక్టివ్ గిటార్లలో ప్లగ్ ఉన్నంతసేపూ బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

## 4. గది, యాంప్ చోటు

గది మూలలో యాంప్ పెట్టకండి. మూల అడుగు స్వరాల్ని ఉబ్బిస్తుంది, అదీ అన్నింటినీ సమానంగా కాదు. గది పొడవు 3.5 మీటర్లయితే ఎదురెదురు గోడల మధ్య మొదటి అనునాదం (గది తానే గట్టిగా మోగే స్వరం) దాదాపు 49 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అది సరిగ్గా 'ఈ' (E) తీగ మూడో ఫ్రెట్ మీది జీ స్వరం. ఆ ఒక్క స్వరం గుమ్మని లేచి, పక్కవి మామూలుగా ఉంటే కారణం మీ చేయి కాదు, గది.

మైకు స్పీకరుకు బాగా దగ్గరగా ఉంటుంది, పైగా యాంప్ ట్రాక్ అడుగును తర్వాత కోసేస్తాం. అందువల్ల ఈ పద్ధతిలో గది దోషం చాలావరకు తప్పుతుంది. అయినా గోడ నుంచి మీటరు దూరం ఉంచండి.

అసలు తలనొప్పి వస్తువుల గలగలలు. కిటికీ అద్దాలు, అల్మరా మీది గిన్నె, యాంప్ హ్యాండిల్, గ్రిల్ స్క్రూ, పక్కన పెట్టిన స్నేర్ డ్రమ్ అన్నీ ఏదో ఒక స్వరానికి కదులుతాయి. వీటిని ముందే పట్టుకోండి:

1. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ తెరిచి యాంప్ ఆక్స్ ఇన్‌కి కలపండి. ఆక్స్ లేకపోతే గిటార్ మీద ఒక్కో ఫ్రెట్ నెమ్మదిగా వాయించుకుంటూ పైకి వెళ్లండి.
2. వాల్యూమ్ తక్కువలో పెట్టి 60 నుంచి 300 హెర్ట్జ్ దాకా మెల్లగా పెంచండి.
3. జిర్రుమన్నచోట ఆగండి. అనుమానం ఉన్న వస్తువు మీద అరచేయి పెట్టండి. చప్పుడు ఆగితే దొంగ దొరికినట్టే.
4. స్క్రూ బిగించండి, లేదా మడిచిన టేపు దూర్చండి, లేదా ఆ వస్తువును గది బయట పెట్టండి.

40 హెర్ట్జ్ నుంచి మొదలుపెట్టవద్దు. ఆ స్పీకరు దాన్ని వినిపించలేదు, కోన్ మాత్రం అనవసరంగా కొట్టుకుంటుంది.

యాంప్‌ను నేల మీద పెట్టాలా, కుర్చీ మీదా? రెండూ వాయించి చూడండి. చెక్క నేల, పై అంతస్తు అయితే కింద మందపాటి ఫోమ్ వేయడం మేలు. ఇంటివాళ్లతో సఖ్యతకూ అదే మేలు.

## 5. సిగ్నల్‌ను రెండు దారులుగా చీల్చండి

అన్నీ ఆఫ్‌లో ఉండగా ఈ వరుసలో కలపండి:

1. గిటార్ నుంచి డీఐ బాక్స్ ఇన్‌పుట్‌కి.
2. డీఐ 'లింక్' జాక్ నుంచి యాంప్ ఇన్‌పుట్‌కి.
3. డీఐ ఎక్స్‌ఎల్‌ఆర్ నుంచి ఇంటర్‌ఫేస్ ఇన్‌పుట్ 1కి. ఇది మైక్ స్థాయి సిగ్నల్, మైక్ ప్రీయాంప్ ద్వారానే వెళ్లాలి.
4. మైకు నుంచి ఇన్‌పుట్ 2కి.
5. ఇంటర్‌ఫేస్ ముందు, యాంప్ చివర ఆన్ చేయండి. ఆపేటప్పుడు యాంప్ ముందు.

డీఐ యాక్టివ్ రకం అయితే దానికి ఫాంటమ్ పవరో బ్యాటరీయో కావాలి. సిగ్నల్ అసలు రాకపోతే మొదట చూడాల్సింది అదే.

డీఐ బాక్స్ లేదా? రెండు మార్గాలున్నాయి. యాంప్‌కు లైన్ అవుట్ ఉండి, అది వాడినా స్పీకరు ఆగకపోతే దాన్నే డీఐగా తీసుకోండి. లేదంటే గిటార్‌ను ఇంటర్‌ఫేస్ 'ఇన్‌స్ట్రుమెంట్' ఇన్‌పుట్‌లో పెట్టి ముందు డీఐ ఒక్కటే రికార్డు చేసి, తర్వాత యాంప్‌లోకి పంపండి (12వ మెట్టు చూడండి). గిటార్‌ను మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెట్టకండి. ప్యాసివ్ (బ్యాటరీ లేని) పికప్ చూడాలనుకునేది 1 మెగాఓమ్ చుట్టుపక్కల ఇంపీడెన్స్ (సిగ్నల్‌కు ఎదురయ్యే అవరోధం). లైన్ ఇన్‌పుట్‌లో అది చాలా తక్కువ, పై స్వరాలు దుప్పటి కప్పినట్టవుతాయి.

హమ్ వస్తే ఈ వరుసలో వెతకండి, గబగబా అన్నీ మార్చేస్తే కారణం తెలియదు:

- గిటార్ వాల్యూమ్ సున్నా చేయండి. హమ్ పోతే అది పికప్ పట్టుకుంటున్నది. కూర్చున్నచోట నెమ్మదిగా తిరగండి, సింగిల్ కాయిల్ పికప్ ఒక దిశలో బాగా తగ్గుతుంది. డిమ్మర్ లైట్లు, ఫోన్, మానిటర్ దూరం పెట్టండి.
- పోకపోతే ల్యాప్‌టాప్ చార్జర్ ఊడదీసి చూడండి.
- అప్పటికీ ఉంటే డీఐ మీద 'గ్రౌండ్ లిఫ్ట్' స్విచ్ వేయండి. గ్రౌండ్ లూప్ అయితే ఇక్కడితో ఆగుతుంది.
- యాంప్, ల్యాప్‌టాప్, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే పవర్ స్ట్రిప్ మీద ఉన్నాయో లేదో చూడండి.

హమ్ పోవాలని పవర్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను విరగ్గొట్టడం, టేపు చుట్టడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే. యాంప్‌లో లోపం వస్తే కరెంటు వచ్చి చేరేది మీరు పట్టుకున్న తీగల్లోకి.

## 6. యాంప్ నాబ్‌లు

నాబ్‌ను గడియారంగా ఊహించుకోండి. మొదలుపెట్టే చోటు:

- బేస్: 9 నుంచి 10 గంటలు
- మిడ్: 1 నుంచి 2 గంటలు
- ట్రెబుల్: 12 గంటలు
- గెయిన్: గట్టిగా మీటినప్పుడు మాత్రమే అంచు కాస్త గరుకెక్కేంత
- వాల్యూమ్: గదిలో గొంతు పెంచి మాట్లాడాల్సినంత

బేస్ తగ్గించమనడం వింతగా అనిపిస్తుంది. చిన్న కోన్ ముందుకీ వెనక్కీ కదలగలిగే దూరం కొంచెమే. అడుగు స్వరాలు ఆ దూరాన్నంతా తినేస్తే వాటి మీద కూర్చున్న మిడ్స్ కూడా వణుకుతాయి. బేస్ నాబ్ తగ్గించిన క్షణంలో అదే వాల్యూమ్ దగ్గర యాంప్ నోరు తెరుచుకున్నట్టు వినిపిస్తుంది.

చేసి చూడండి. ఓపెన్ 'ఈ' (E) తీగ మోగిస్తూ బేస్ నాబ్‌ను 3 గంటల దగ్గర నుంచి మెల్లగా ఎడమకు తిప్పండి. భర్రుమనే చప్పుడు ఒకచోట హఠాత్తుగా మాయమవుతుంది. అక్కడి నుంచి గడియారం లెక్కలో ఇంకో అరగంటంత ఎడమకు తిప్పి వదిలేయండి.

యాంప్‌లో రివర్బ్, కోరస్, కంప్రెసర్ (బిగ్గరగా ఉన్న స్వరాల్ని అణిచేది) ఉంటే ఆపేయండి. 'కాంటూర్' లేదా 'స్కూప్' బటన్ ఉంటే అది మిడ్స్‌ను కోసేస్తుంది. మనకు కావాల్సిందాన్నే పారేసే బటన్ అది.

## 7. మైకు పెట్టడం

ఈ మెట్టుకు అరగంట కేటాయించండి. ఇక్కడ రెండు సెంటీమీటర్లు జరిపితే వచ్చే తేడా ప్లగిన్‌తో గంటసేపు కుస్తీ పట్టినా రాదు.

యాంప్ ఆపి, గ్రిల్ గుడ్డ మీద టార్చిని ఏటవాలుగా వేయండి. లోపల స్పీకరు కనిపిస్తుంది. మధ్యలో ఉబ్బెత్తు మూత, దాని చుట్టూ వాలుగా కోన్, చివర మెత్తని అంచు. గుడ్డ మీద కాగితం టేపు చిన్న ముక్కలతో మూడు గుర్తులు పెట్టండి: మూత మధ్య, మూతా కోనూ కలిసే చోటు, కోన్ సగం దూరం.

- మూత మధ్యకు గురిపెడితే పదునుగా, వేలి చప్పుడు ఎక్కువగా వస్తుంది. తీగ గీరిన శబ్దాలూ వస్తాయి.
- మూతా కోనూ కలిసే చోటు సమంగా ఉంటుంది. మొదలు ఇక్కడే పెట్టండి.
- కోన్ సగం దూరంలో గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అంచుకు వెళ్లేకొద్దీ మసకబారుతుంది.

దూరం గ్రిల్ నుంచి 5 సెం.మీ. దగ్గర మొదలుపెట్టండి. కార్డియాయిడ్ (ముందు వైపే ఎక్కువగా వినే) మైకు చప్పుడు మూలానికి దగ్గరయ్యేకొద్దీ అడుగును పెంచి చూపిస్తుంది. గ్రిల్‌కు ఆనించి పెడితే అడుగు ఎక్కువవుతుంది గానీ, తర్వాత దాన్ని కోసేస్తాం కాబట్టి ఆ లాభం మనకు అక్కర్లేదు. 15 సెం.మీ. దాటితే గది రంగు చేరుతుంది.

క్యాబినెట్ ముందు భాగంలో గాలి రంధ్రం ఉంటే మైకును దాని ఎదురుగా పెట్టకండి. అక్కడ వచ్చేది గాలి ఊపు, స్వరం కాదు.

ఒంటరిగా రికార్డు చేసేవాళ్లు చోటు తేల్చుకునే తేలికైన దారి ఇది:

1. ఒక చోట మైకు పెట్టి, రికార్డు నొక్కి, మైకులోనే చెప్పండి: "ఒకటి, మూత అంచు, ఐదు సెంటీమీటర్లు."
2. నాలుగు తీగల మీదా సాగే ఒకే చిన్న వరుసను వాయించండి. మీరు రికార్డు చేయబోయే పాటలోదే అయితే మరీ మంచిది.
3. మైకు జరిపి, చోటు పేరు చెప్పి, అదే మళ్లీ వాయించండి. నాలుగు చోట్లు చాలు.
4. నాలుగు క్లిప్‌ల లెవెల్ సమానం చేసి వినండి. సమానం చేయకపోతే బిగ్గరగా ఉన్నదే బాగుందనిపిస్తుంది, చెవి అలా మోసపోతుంది.
5. డీఐ ట్రాక్‌తో కలిపి వినండి. ఒంటరిగా సన్నగా, ముక్కుతో పలికినట్టు ఉన్న క్లిప్పే చాలాసార్లు కలిపినప్పుడు గెలుస్తుంది.

ఎంచుకున్నాక మైకు స్టాండు కాళ్ల చుట్టూ నేల మీద టేపు అంటించండి. రేపు ఒక లైను మళ్లీ వాయించాల్సి వస్తే ఆ టేపే దిక్కు.

వాల్యూమ్ తక్కువలో రికార్డు చేసేవాళ్లు ఇంకోటి గమనించాలి. యాంప్ నెమ్మదిగా ఉంటే తీగల మీద మీ వేళ్ల టకటకలు గాల్లోంచి నేరుగా మైకులో పడతాయి. పొడవైన కేబుల్ పట్టుకుని యాంప్‌కు కనీసం రెండు మీటర్ల దూరంలో, మైకు వెనక వైపు కూర్చోండి. ఫ్యానూ ఏసీ ఆపండి.

## 8. లెవెల్స్

ప్రాజెక్టును 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తెరవండి. రెండూ మోనో ట్రాకులే.

పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంత గట్టిగా వాయిస్తూ గెయిన్ పెట్టండి. సగటు మైనస్ 18 డీబీ దగ్గర, శిఖరాలు మైనస్ 10 దాటకుండా ఉండాలి. 24 బిట్‌లో నాయిస్ చాలా కింద ఉంటుంది, ఎరుపు అంచు దాకా నెట్టాల్సిన పని లేదు. డీఐ ఒక్కసారి క్లిప్ అయినా ఆ టేక్ పోయినట్టే.

యాక్టివ్ గిటార్ గెయిన్ సున్నా దగ్గరా ఎరుపు చూపిస్తుంటే డీఐ మీద ప్యాడ్ వేయండి. గిటార్ వాల్యూమ్ తగ్గించకండి, అది యాంప్‌లోకి వెళ్లే సిగ్నల్‌నీ తగ్గించేస్తుంది.

హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యం తెలుస్తుంటే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో బఫర్‌ను 128 శాంపిళ్లకు దించండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర అది 2.7 మిల్లీసెకన్లు. ఇంటర్‌ఫేస్‌కు డైరెక్ట్ మానిటర్ స్విచ్ ఉంటే ఇంకా నయం.

## 9. టేక్ తీసేముందు

☐ శ్రుతి సరిచూశారు (రెండు టేకులకోసారి మళ్లీ)

☐ ఫ్యాన్, ఏసీ ఆఫ్, ఫోన్ వేరే గదిలో

☐ నాబ్‌ల ఫొటో, మైకు చోటు ఫొటో తీశారు

☐ రెండు ట్రాకులూ రికార్డుకు సిద్ధంగా ఉన్నాయి

☐ మొదట్లో 'టక్' కొట్టారు

ఆ చివరిది ఏమిటంటే, పాట మొదలయ్యే ముందు ఎడమచేత్తో తీగలన్నీ మూసి, కుడిచేత్తో ఒక్కసారి గట్టిగా కొట్టండి. రెండు ట్రాకుల్లోనూ ఒక పదునైన గుర్తు పడుతుంది. తర్వాతి మెట్టు అంతా దాని మీదే నడుస్తుంది.

## 10. రెండు ట్రాకుల్ని ఒకే సమయానికి తేవడం

డీఐ సిగ్నల్ వైరులో తక్షణం వస్తుంది. యాంప్ చప్పుడు గాలిలో సెకనుకు 343 మీటర్ల చొప్పున నడిచి మైకును చేరుతుంది. గ్రిల్ నుంచి 5 సెం.మీ., గ్రిల్ వెనక కోన్ దాకా ఇంకో 5 అనుకుంటే మొత్తం 10 సెం.మీ. అంటే 0.29 మిల్లీసెకన్లు, 48 కిలోహెర్ట్జ్ దగ్గర 14 శాంపిళ్లు. డిజిటల్ మోడలింగ్ యాంప్ అయితే దాని ఆలస్యం అదనం.

ఇంత చిన్నదానికి ఇంత హడావిడి ఎందుకంటే, రెండు ట్రాకులూ ఒకదాన్నొకటి కొట్టేసుకుంటే విడివిడిగా బాగున్న బేస్ కలిపిన వెంటనే సన్నబడిపోతుంది. ఇంటి రికార్డింగుల్లో డొల్ల బేస్‌కు నేను మొదట అనుమానించేది దీన్నే.

1. 'టక్' గుర్తు దగ్గర శాంపిళ్లు కనిపించేదాకా జూమ్ చేయండి.
2. రెండు అలలూ మొదట పైకి లేచాయా? ఒకటి పైకి, ఒకటి కిందికి లేస్తే ఏదో ఒక ట్రాకులో పోలారిటీ బటన్ (అలను తలకిందులు చేసేది) నొక్కండి.
3. మైకు ట్రాకును ఎడమకు జరిపి రెండు మొదళ్లనూ కలపండి. డీఐని కదపకండి, అది డ్రమ్స్‌తో సరిగ్గా కూర్చుని ఉంది.
4. ఇప్పుడు ఫిల్టర్లు వేయండి: డీఐకి 150 హెర్ట్జ్ దగ్గర లో-పాస్ (కిందివాటినే పోనిచ్చేది), యాంప్‌కు 150 హెర్ట్జ్ దగ్గర హై-పాస్ (పైవాటినే పోనిచ్చేది).
5. ఫిల్టర్ల తర్వాత మళ్లీ వినండి. కళ్లతో కుదిర్చింది ఇక్కడ చెడిపోవచ్చు.

ఐదోది చాలామంది వదిలేస్తారు. ఫిల్టర్ కూడా ఫేజ్‌ను (అల తన చుట్టులో ఎక్కడుందో దాన్ని) తిప్పుతుంది. ఆక్టేవ్‌కు 12 డీబీ వాలు ఉన్న మామూలు లో-పాస్, హై-పాస్ జంటను ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గర పెడితే ఆ కూడలిలో రెండూ సరిగ్గా ఎదురుతిరుగుతాయి, అక్కడ పెద్ద గుంట పడుతుంది. అప్పుడు ఒక ట్రాకు పోలారిటీ తిప్పాలి. 24 డీబీ వాలు జంటకు ఆ అవసరం ఉండదు.

పరీక్ష ఇలా చేయండి. సన్నని జీ తీగ 7వ ఫ్రెట్ మీది డీ స్వరం 146.8 హెర్ట్జ్, కూడలి పక్కనే ఉంటుంది. టేక్‌లో ఆ స్వరం ఉన్నచోట లూప్ పెట్టి, పోలారిటీ బటన్‌ను నొక్కుతూ వదులుతూ వినండి. నిండుగా వినిపించే స్థానమే సరైనది. ఆ స్వరం పాటలో లేకపోతే టేక్ చివర విడిగా రికార్డు చేసుకోండి.

## 11. మిక్స్‌లో

డీఐ ఫేడర్ ముందు పెట్టండి, డ్రమ్స్‌తో అడుగు సరిపోయేదాకా. తర్వాత యాంప్ ట్రాకును సున్నా నుంచి పైకి తెస్తూ, ఫోన్ స్పీకరులో కూడా ఏ స్వరం వాయిస్తున్నారో తెలిసేచోట ఆపండి. ఫోన్ స్పీకరులో 41 హెర్ట్జ్ రాదు. అక్కడ మీ బేస్‌ను నిలబెట్టేది చిన్న యాంప్ ఇచ్చిన మిడ్సే.

డీఐ మీద 30 హెర్ట్జ్ హై పాస్ వేయండి. ఐదు తీగల బేస్ అయితే 25, ఎందుకంటే ఓపెన్ బీ 30.9 హెర్ట్జ్.

కంప్రెసర్ డీఐకి 4:1, రిడక్షన్ 4–6 డీబీ. అటాక్ 20 మిల్లీసెకన్లు, రిలీజ్ 120. వీటిని బాగా వేగంగా పెడితే అడుగు స్వరం చీలుతుంది: 41 హెర్ట్జ్ అల ఒక చుట్టు తిరగడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది, కంప్రెసర్ ఆ అలనే పట్టుకుని నలిపేస్తుంది. గెయిన్ వల్ల యాంప్ ట్రాక్ ఇప్పటికే కొంత నలిగి ఉంటుంది, దాన్ని వదిలేయండి.

యాంప్ ట్రాకులో స్వరం వెనకబడితే 700–900 హెర్ట్జ్ దగ్గర 2–3 డీబీ పెంచండి. ముక్కుతో పలికినట్టుంటే 400 దగ్గర తగ్గించండి. వేలి చప్పుడు కావాలంటే 2–3 కిలోహెర్ట్జ్. రెండు ట్రాకులూ మధ్యలోనే ఉంచండి, పాన్ చేయకండి.

## 12. చప్పుడు చేయలేని వేళల్లో

రెండు దారులు. డీఐ ఒక్కటే రికార్డు చేసి పెట్టుకుని, వీలైన పూట దాన్ని యాంప్‌లోకి తిప్పి పంపడం ఒకటి. దీన్నే రీయాంపింగ్ అంటారు. ఇంటర్‌ఫేస్ లైన్ అవుట్ నుంచి రీయాంప్ బాక్స్‌కి, అక్కడి నుంచి యాంప్‌కి. లైన్ స్థాయి గిటార్ కంటే చాలా ఎక్కువ, కాబట్టి అవుట్‌పుట్‌ను సున్నా నుంచి పెంచండి. ఆ లైన్ అవుట్‌కు మైకు ట్రాకు కూడా వెళ్లకుండా చూసుకోండి, లేకపోతే గింగురుమని ఊళ వేస్తుంది. వాయించే పని లేదు కాబట్టి మైకు జరుపుకుంటూ తీరిగ్గా వినొచ్చు. మైకు పెట్టడం నేర్చుకోవడానికి ఇంతకు మించిన పద్ధతి లేదు.

రెండోది యాంప్ హెడ్‌ఫోన్ జాక్‌ను ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్‌లో పెట్టడం. ఇది స్టీరియో జాక్. బ్యాలెన్స్‌డ్ ఇన్‌పుట్‌లోకి స్టీరియో కేబుల్ పెడితే రెండు వైపులా ఒకేలా ఉన్న సిగ్నల్ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని దాదాపు ఏమీ వినపడదు. ఒక చివర స్టీరియో ప్లగ్, రెండో చివర రెండు మోనో ప్లగ్‌లు ఉన్న కేబుల్ వాడి, ఒక మోనో ప్లగ్‌నే ఇన్‌పుట్‌లో గుచ్చండి. రెండోది ఏ లోహానికీ తగలకుండా వదిలేయండి. ఆ జాక్‌కు క్యాబ్ సిమ్యులేషన్ లేకపోతే చప్పుడు గరగరలాడుతుంది, ప్లగిన్‌లో ఒక బేస్ క్యాబినెట్ ఇంపల్స్ (స్పీకరు పెట్టె ధ్వని నమూనా ఫైలు) వేయండి. ఉంటే మళ్లీ వేయకండి.

## 13. తేడా కొట్టినప్పుడు

కలిపితే సన్నబడింది: పోలారిటీ, ఆ తర్వాత జరుపు. 10వ మెట్టుకు వెళ్లండి.

ఒక్క స్వరమే గుమ్మంటోంది: డీఐ ట్రాకును ఒంటరిగా, హెడ్‌ఫోన్స్‌లో వినండి. అక్కడ లేకపోతే అది మీరు వింటున్న గది మహిమ, ఈక్యూ ముట్టుకోకండి. యాంప్ ట్రాకులో మాత్రమే ఉంటే హై పాస్‌ను 180కి పెంచండి.

ఒక్క స్వరం తొందరగా చచ్చిపోతోంది: డీఐలోనూ అలాగే ఉంటే అది గిటార్ మెడలోని డెడ్ స్పాట్, చాలా బేస్‌లలో జీ తీగ 5వ ఫ్రెట్ చుట్టూ వస్తుంది. అదే స్వరాన్ని డీ తీగ 10వ ఫ్రెట్ మీద వాయించండి.

యాంప్ ట్రాకులో జిర్రుమనే చప్పుడు, డీఐలో లేదు: ఏదో వస్తువు గలగల. నాలుగో మెట్టు. దాంతో పోకపోతే కోన్ అంచు చిరిగిందేమో టార్చి వేసి చూడండి.

రెండింట్లోనూ జిర్రు: తీగ ఫ్రెట్‌కు తగులుతోంది. మెల్లగా మీటి చూడండి, అప్పటికీ తగులుతుంటే యాక్షన్ కొంచెం ఎత్తండి.

నిన్నటి టేక్‌కు, ఈరోజు వాయించిన లైనుకు పొత్తు కుదరడం లేదు: నిన్న తీసిన ఫొటోలు తెరిచి నాబ్‌లు, మైకు, టేపు గుర్తులు సరిపోల్చండి. అన్నీ సరిగ్గా ఉంటే గిటార్ మీది టోన్ నాబ్ చూడండి. అందరూ ఫొటో తీయడం మరిచేది దాన్నే.